అక్క కోసం ఆగిన చోటు

తిరుపతిలో సంగీతం చదువుకునే పిల్లలకు గ్రీసు దేశపు చర్చి పాట నేర్పానంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు. నమ్మినవాళ్లు కూడా ఈమెకెందుకొచ్చిన తంటా అన్నట్టు చూస్తారు. నిజానికి అది నేను కోరి నెత్తికెత్తుకున్న పని కాదు. నాకు అంటగట్టారు.

తొంభైల చివర్లో నేను ఒక సంగీత కళాశాలలో గాత్రం పాఠాలు చెప్పేదాన్ని. ఆ రోజుల్లో గ్రీసు నుంచి ఒకావిడ వచ్చింది. నాకంటే పెద్దది. పొడగరి. నెరిసిన జుట్టు మగవాళ్లలా కత్తిరించుకుని, నూలు చీర కట్టుకుని, కాళ్లకు హవాయి చెప్పులు వేసుకుని తిరిగేది. వేదం చదివే తీరు వినాలని వచ్చింది. చిన్నప్పటి నుంచీ వాళ్ల చర్చిలో పాడిన మనిషి. ఆ పాటను బైజాంటైన్ గానం అంటారు. అందులో వాయిద్యాలుండవు, తాళం ఉండదు, ఉన్నదల్లా మనుషుల గొంతే. మా ప్రిన్సిపాల్ గారు ముచ్చటపడి, మా పిల్లలకు కూడా నాలుగు ముక్కలు చెప్పమని ఆవిడను అడిగారు. శనివారం మధ్యాహ్నాలు కేటాయించారు. ఇంగ్లీషు అంతో ఇంతో వచ్చినదాన్ని నేనే కాబట్టి పక్కన కూర్చుని తెలుగులో చెప్పమన్నారు. శనివారం మధ్యాహ్నం ఒక కునుకు తీసే సుఖం పోయిందని వారమంతా గొణుక్కున్నాను.

వాళ్ల స్వరాల పేర్లు పా, వూ, గా, ధీ, కే, జో, నీ. పిల్లలు పగలబడి నవ్వారు. మన స్వరాలు ఎత్తుకుపోయి అడ్డదిడ్డంగా సర్దుకున్నారని ఒకడు తేల్చేశాడు. కానీ ఆవిడ మొదటి పాట ఎత్తుకోగానే అందరి ముఖాలూ వెలిగాయి. మేమందరం మొట్టమొదట నేర్చుకునే మాయామాళవగౌళకు అది దగ్గరి చుట్టం. రెండే మాటల ప్రార్థన, ‘ప్రభూ, దయ చూడు’ అని. ఆ రెండు మాటలనే సాగదీసి, తిప్పి, పైకెక్కించి, దించి, పాటంతా నడిపిస్తారు. పిల్లలు తెలిసిన రాగమే కదా అని గమకాలు వేసి ఊపేయడం మొదలుపెట్టారు. పాటకు చలిజ్వరం వచ్చిందా అని ఆవిడ అడిగింది. నేను ఆ మాటకు ఇంకాస్త కారం జోడించి తెలుగులో చెప్పాను.

మా అటెండరు ఒకరోజు గుమ్మంలో నిలబడి విని, “కొండ మింద సామి ఇంటే ఏమనుకుంటాడో మేడం?” అన్నాడు.

“రోజూ ఎన్ని రకాల గొంతులు వింటాడప్పా ఆయన. ఇదొకటి. ఏమీ అనుకోడు,” అన్నాను.

ఆవిడ మొదటిరోజే మా శ్రుతిపెట్టె స్విచ్చి ఆపేసింది. మా పిల్లలకు ఆ పెట్టె మోగకపోతే నోరు పెగలదు. వాళ్ల పద్ధతిలో శ్రుతి కూడా మనుషులే. కొందరు పాట పాడుతుంటే మిగతావాళ్లు ఆధార స్వరం ఒక్కటే పట్టుకుని, పాట అయ్యేదాకా వదలకుండా నిలబడాలి. దాన్ని ఐసన్ అంటారు. ఇదేం పెద్ద పని అనుకున్నారు మావాళ్లు. నిలబడ్డారు, పట్టుకున్నారు, కాసేపటికి అందరూ ఒక్కసారే గుటుక్కున ఊపిరి తీసుకున్నారు. గది నిశ్శబ్దమైపోయింది. మళ్లీ చేశారు, మళ్లీ అదే. మాకు చిన్నప్పటి నుంచీ తాళం ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. ఆవర్తం పూర్తయ్యే చోట ఊపిరి తీసుకోవడం ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. తాళం లేని పాటలో కూడా మావాళ్లు లోలోపల తాళం వేసుకుంటూ అందరూ ఒకే చోట ఆగుతున్నారు.

ఆవిడ చేతులు చరిచి, “అందరూ ఒకేసారి చచ్చిపోయారు,” అంది. పిల్లలు నవ్వారు. “ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు పక్కవాళ్లు బతికుండాలి. నీ పక్కవాళ్ల ఊపిరి విను. వాళ్లు ఆగితే నువ్వు ఆగకూడదు. ఇందులో నియమం అదొక్కటే.”

ఈ మాట తెలుగులో చెప్పాల్సింది నేనే. పిల్లలు నా వైపు చూస్తున్నారు. దగ్గు వచ్చినట్టు నటించి మంచినీళ్లకని బయటికి వెళ్లిపోయాను.

ఎందుకంటే ఆ నియమం నాకు ఆవిడ చెప్పకముందే తెలుసు. మా అక్క నేర్పింది.

అక్క నాకంటే మూడేళ్లు పెద్ద. నాయనకు రైల్వేలో ఉద్యోగం. సంగీతమంటే పిచ్చి, తనకు మాత్రం ఒక్క స్వరం కూడా పలకదు. ఆ కసి మా ఇద్దరి మీద తీర్చుకున్నాడు. చిత్తూరులో ఒక అయ్యవారి దగ్గర చేర్పించాడు. కొన్నేళ్లకు మేమిద్దరం జంటగా కచేరీలు చేసేవాళ్లం. చిత్తూరు, పాకాల, రేణిగుంట, పుత్తూరు, ఎక్కడ పిలిస్తే అక్కడ. అక్క ఎప్పుడూ నా ఎడమ పక్కన కూర్చునేది. నాది పొట్టి ఊపిరి. పైస్థాయిలో దీర్ఘంగా నిలపాల్సిన చోట సగంలోనే అయిపోయేది. అప్పుడు నేను చప్పుడు కాకుండా జారుకుని, గాలి తీసుకుని, మళ్లీ వచ్చి కలిసేదాన్ని. అక్క మాత్రం పట్టుకునే ఉండేది. వినేవాళ్లకు అతుకు తెలిసేది కాదు. మా ఇద్దరి గొంతులూ అంత ఒకటిగా ఉండేవి.

మొదట్లో నాకు భయం వేసేది. అప్పుడు అక్క చెప్పింది, “నువ్వు గాలి తీసుకో మే. నేనుండాను గదా.”

తొంభైల మధ్యలో ఒక వానాకాలం అక్కకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. ఊరంతా మెచ్చుకున్న ఊపిరి, మంచం మీద పిడికెడు గాలి కోసం ఎగిరెగిరి పడింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, “నువ్వు గాలి తీసుకోక్కా, నేనుండాను,” అన్నాను. ఆ మాట నేను అనడం అదే మొదలు. అక్క నా వైపు చూసింది. తర్వాత చూడలేదు.

ఆ తర్వాత నేను ఒంటరిగా ఒకటి రెండు కచేరీలు చేశాను. నాయన బతిమాలితే. ఫిడేలు ఆయన కచేరీ మధ్యలో కిందికి వంగి, “ఏమ్మా, గొంతు బాగలేదా? నడాన ఆపేస్తా ఉండావు?” అని అడిగాడు. నేను ఆపుతున్నట్టు నాకే తెలియదు. దీర్ఘంగా నిలపాల్సిన ప్రతిచోటా సగంలో నా గొంతు దానంతటదే తప్పుకుంటోంది. ఊపిరి చాలక కాదు. అప్పటికి నా ఊపిరి పెరిగింది. ఎడమ పక్కన అక్క ఉందన్న అలవాటు, అంతే. ఇంకో మాట కూడా చెప్పాలి, నవ్వినా సరే. ఆ ఖాళీలో నాకు అక్క వినిపించేది. గుర్తు రావడం కాదు, వినిపించడమే. సన్నగా, కొంచెం ఎడమ వైపు నుంచి. నేను మళ్లీ అందుకోగానే ఆగిపోయేది.

సభలో కూర్చున్నవాళ్లకు మాత్రం ఖాళీయే వినిపిస్తుంది. చిల్లులు పడిన పాట ఎవరు వింటారు? కచేరీలు మానేసి ఉద్యోగంలో చేరాను. బాధపడలేదు. ఇంట్లో తలుపులు వేసుకుని పాడుకుంటే చాలు, అక్క వస్తుంది. లోకానికి నా కచేరీలు అక్కర్లేదు, నాకు లోకం అక్కర్లేదు అనుకున్నాను.

గ్రీకు మేడం ఒక ఏడాది ఉండి వెళ్లిపోయింది. వెళుతూ తరగతిని నాకు అప్పగించింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను మాటలు తెలుగులో చెప్పడం, ఐసన్ పట్టుకునే వాళ్లలో కలిసి నిలబడటం, ఇంతే. పాట నేను విడిగా పాడి ఆవిడకు ఎప్పుడూ వినిపించలేదు. ఇప్పుడు పాడి చెప్పాల్సింది నేనే. వాళ్ల పాటకు రాత ఉంది. మాటల మీద చిన్న చిన్న కొక్కేల్లా గుర్తులుంటాయి. ఉన్నచోటి నుంచి ఎన్ని మెట్లు ఎక్కాలో, ఎన్ని దిగాలో చెబుతాయి. మొదటి పిల్లలు చదువు ముగించి వెళ్లిపోయారు, కొత్తగా చేరినవాళ్లు వాటిని చూస్తే కదా. మా పిల్లలు కాగితం చూసి నేర్చుకునే రకం కాదు. గురువు నోట్లోంచి వచ్చింది వచ్చినట్టు పట్టేస్తారు. గురువు తుమ్మితే తుమ్ముతో సహా.

అలా చేరిన కొత్త పిల్లల్లో నగరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. వాళ్లది మరమగ్గాల ఇల్లు. తెల్లారి లేస్తే మగ్గం మోతలో మాట వినపడాలంటే గొంతు అడుగు నుంచి తియ్యాలి కదా, ఆ పిల్లది లోతైన గొంతు. ఆడపిల్లలందరూ అయిదు అయిదున్నర శ్రుతిలో పాడుతుంటే ఈమె రెండు దాటదు. మగగొంతని వెనక బెంచీలో కూర్చోబెట్టారు. నేను తీసుకొచ్చి ఐసన్ మధ్యలో నిలబెట్టాను. ఆ పిల్ల స్వరం పట్టుకుంటే నేల మీద బండరాయి పెట్టినట్టు ఉండేది. మిగతావాళ్లు ఆమె చుట్టూ సర్దుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు ఊపిరి తీసుకోవడం అప్పుడు కుదిరింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. గదిలో పాట తప్ప ఏ చప్పుడూ లేదు. రెండో మాట పైస్థాయిలో చాలాసేపు నిలిచే చోట, పాట పాడేవాళ్లు ఆగారు. ఐసన్ ఒక్కటే కింద నడుస్తోంది. ఆ పైన, ఎక్కడి నుంచో, సన్నని ఆడగొంతు. తర్వాత పాడేవాళ్లు మళ్లీ అందుకున్నారు, ఆ గొంతు మునిగిపోయింది.

పాట అయ్యాక నగరి పిల్ల చేతులు రుద్దుకుంటూ, “మేడం, ఆడ ఎవురో పాడతా ఉన్నట్టు ఉండాది. మాలో ఎవురూ కాదు,” అంది.

ఎవరో నాకు తెలుసు. కానీ నేను పంతులమ్మని. బాగా శ్రుతి కలిసిన తంబూరా మీటితే మనం మీటని గాంధారం ఒకటి పైన పలుకుతుందని, దాన్ని స్వయంభూ గాంధారం అంటారని, ఇంతమంది గొంతులు తీగల్లా కలిశాయి కాబట్టి అదే పుట్టిందని వివరంగా చెప్పాను. భయపడాల్సిందేమీ లేదన్నాను. చెప్పిందంతా నిజమే. చెబుతూ చెబుతూ ఎడమ వైపు చూశాను.

ఆ రోజు నుంచి శనివారాల కోసం కాచుకు కూర్చున్నాను. ఇంట్లో ఒక్కదాన్నే విన్నదాన్ని ఇప్పుడు ఇంతమంది వింటున్నారు. నాకు పిచ్చి పట్టలేదన్న నిమ్మళం ఒకటి. దానికంటే పెద్దది ఇంకొకటి, అక్కకు మళ్లీ సభ దొరికింది. పిల్లలు ఆ చోట ఎందుకు ఆగుతున్నారని మాత్రం నేను ఆలోచించలేదు. ఆ చోట ఆగడం నాకు ఎంత సహజమంటే, లోకమంతా అక్కడ ఆగుతుందనే అనుకున్నాను.

నగరి పిల్ల చదువు మధ్యలోనే మానేసింది. మగ్గాలు సరిగా నడవక ఇంట్లో ఇబ్బందులు. పాకాలలో ఒక ప్రైవేటు బడిలో పాటల టీచరుగా చేరిందని విన్నాను. పోతూ పోతూ, “ఈ పాట మరిచిపోను మేడం,” అంది. అందరూ అనే మాటే కదా అని నేను తలూపాను.

మరుసటి ఏడు గ్రీకు మేడం చూసి పోదామని వచ్చింది. కళాశాల వార్షికోత్సవం దగ్గర్లోనే ఉంది. ఆ రోజు మన పిల్లలు పాడాలని ప్రిన్సిపాల్ గారు పట్టుబట్టారు. ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి పిల్లల చేత పాడించాను, నా వీపు నేనే తట్టుకుంటూ. పై స్వరం దగ్గర పిల్లలు ఆగారు, నేను ఎడమ వైపు చెవి పెట్టాను, పిల్లలు అందుకున్నారు, ముగించారు.

ఆవిడ ముఖం చిట్లించింది. “చాలా బాగుంది. కానీ అక్కడ ఎందుకు ఆగారు?”

పాడేవాళ్లలో ముందున్న అబ్బాయి, “మా మేడం ఆగతారు గదా, ఆడ. మాకు పాఠం అదే,” అన్నాడు. అదేం ప్రశ్న అన్నట్టు మిగతావాళ్లు తలలూపారు.

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేదు. ఆవిడకు అవసరం కూడా లేకపోయింది. అప్పటికే నన్ను చూస్తోంది.

పిల్లలు వెళ్లాక చెప్పాను. అక్క గురించి, ఊపిరి గురించి, ఎడమ పక్క గురించి. అంతవరకూ ఎవరికీ చెప్పని మాటలు పరాయి భాషలో తేలిగ్గా వచ్చేశాయి. ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ ఓదార్చే మనిషి కాదు. హవాయి చెప్పు నేలకు రాస్తూ, “ఆ పిల్లలకు మీ అక్క తెలియదు. వాళ్లెందుకు ఆగాలి?” అంది.

నాకు ఒళ్లు మండింది. నీ పాట నువ్వు తీసుకుని వెళ్లిపో అనబోయాను. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కానీ కోపం ఎంత కాచి వడబోసినా ఆ మాట మాత్రం కరగలేదు. నా అక్క నా గొంతులో ఉండటం నా ఇష్టం. బతుకు ఇంకా మొదలుకాని పిల్లల గొంతుల్లో, ఎవరో తెలియని మనిషి కోసం, నేను చిల్లులు పొడిచాను. రేపు వాళ్లు ఏ సభలో పాడినా అక్కడ ఆగుతారు. ఫిడేలు ఆయన వంగి అడుగుతాడు. వాళ్ల దగ్గర జవాబు కూడా ఉండదు.

దిద్దాలంటే ఒకటే దారి, నేను ఆగకుండా పాడి చూపించాలి. పిల్లల ముందు నిలబడ్డాను. ఐసన్ మొదలైంది. ఆ స్వరం దగ్గరికి రాగానే గొంతు జారిపోయింది. మళ్లీ. మళ్లీ అంతే. పిల్లలు ఓపిగ్గా నా ముఖం చూస్తున్నారు. వార్షికోత్సవం ఇక ఒక్కరోజు ఉందనగా కళ్లు మూసుకుని, ఎడమ వైపు వినకుండా ఉండటానికి గోళ్లు అరచేతిలో గుచ్చుకుని, ఆ స్వరం పట్టుకున్నాను. సగం దాటింది. నా గొంతే నడుస్తోంది, ముందుకు, చివరిదాకా. ఆ కాసేపు ఎడమ పక్క నుంచి ఏ చప్పుడూ లేదు. ఉండే చోటే లేదు.

పిల్లలు ఒక్కసారికే పట్టేశారు. వార్షికోత్సవంలో అతుకు లేకుండా పాడారు. చప్పట్లు మోగాయి. గ్రీకు మేడం కళ్లు తుడుచుకుని నా భుజం నొక్కింది. నేను ఇంటికి వచ్చి తలుపులు వేసుకుని, ఎప్పుడూ పాడుకునే కీర్తన ఎత్తుకున్నాను. దీర్ఘం దగ్గర కావాలని ఆగాను. ఖాళీ. ఇంకోసారి ఆగాను. వీధిలో ఆటో పోతున్న మోత తప్ప ఏమీ లేదు. వేలూరులో ఏడవనంత ఏడుపు ఆ రోజు ఏడ్చాను. అక్కను రెండోసారి నేనే సాగనంపాను.

ఆ తర్వాత నేను బాగా పాడుతున్నానని అందరూ అన్నారు. మళ్లీ కచేరీలకు పిలిచారు. వెళ్లాను కూడా. ఏ ఖాళీలూ లేవు. ఆ శనివారం తరగతి కొన్నాళ్లు సాగి, పిల్లలు చాలక ఆగిపోయింది.

కొన్నేళ్ల తర్వాత, రెండువేలు దాటి అయిదారేళ్లయ్యాక, పాకాల నుంచి ఫోను వచ్చింది. నగరి పిల్ల. తన బడిలో రోజూ పొద్దున ప్రార్థనకు పిల్లల చేత ఆ పాటే పాడిస్తున్నానని, తప్పకుండా వచ్చి వినాలని అంది. పాసింజరు రైలు పట్టుకుని వెళ్లాను. స్టేషనుకు దగ్గర్లోనే బడి. రేకుల కప్పు వేసిన పొడుగాటి గది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్కన ఒక ఖాళీ కుర్చీ ఉంటే దాని మీద నా బ్యాగు పెట్టాను.

నీలం యూనిఫారాల్లో పిల్లలు రెండు గుంపులుగా నిలబడ్డారు. పెద్దపిల్లలు ఆధార స్వరం పట్టుకున్నారు. చిన్నపిల్లలు ఎత్తుకున్నారు. మాటలు తెలుగు, ‘సామీ, దయ సూడు’ అని. స్వరాలు మాత్రం అవే. గమకం లేదు, తాళం లేదు. పెద్దపిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఊపిరి తీసుకుంటున్నారు. ఎంత శ్రద్ధగా నేర్పిందో అనుకుంటూ వింటున్నాను.

పై స్వరం దగ్గరికి వచ్చారు. పట్టుకున్నారు. సగంలో, అందరూ ఆగారు.

నా పాఠం దిద్దుకున్నప్పుడు ఈ పిల్లను తలుచుకోలేదు. అప్పటికే ఆమె చదువు మానేసి వెళ్లిపోయింది. కింద పెద్దపిల్లల స్వరం సాగుతోంది. రేకుల కింద, ఆ స్వరం పైన, సన్నగా, కొంచెం ఎడమ వైపు నుంచి, అక్క. ఇన్నేళ్లూ ఎక్కడికీ పోలేదు. పాకాలలో రోజూ పొద్దున ప్రార్థన వేళకు వచ్చి నిలబడుతోంది.

పాట అయిపోయింది. నగరి పిల్ల, ఇప్పుడు పిల్ల కాదు, కొంగు భుజం నిండా కప్పుకుని నా దగ్గరికి వచ్చింది. “ఆడ నిలిపేది సరింగా వచ్చినాదా మేడం? మీరు చెప్పిచ్చినట్టే చెప్పిచ్చినాను. ఏమన్నా తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాము.”

చిన్నపిల్లలు నోళ్లు తెరుచుకుని నా జవాబు కోసం చూస్తున్నారు. ఎవరి ఊపిరి వాళ్లకు ఇవ్వాలని నాకు తెలుసు. దానికోసం నేనేం పోగొట్టుకున్నానో కూడా తెలుసు. ఈసారి నా చేత కాలేదు.

“తప్పేం లేదు మే,” అన్నాను. అది అక్క నన్ను పిలిచే పిలుపు, నేను అంతవరకూ ఎవరినీ అలా పిలవలేదు. “ఇంకొకసారి పాడమను.”

పిల్లలు మళ్లీ సర్దుకుని నిలబడ్డారు. ఆధార స్వరం మొదలైంది. నేను ఎడమ పక్క కుర్చీ మీదున్న నా బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.